వంటింటి వైపు నుంచి చరిత్ర: రాజమహేంద్రవరంలో కందుకూరి ఇల్లు

రాజమహేంద్రవరంలోని కందుకూరి వీరేశలింగం (1848–1919) గృహాన్ని సాహిత్య చరిత్ర ప్రధానంగా ఒక తేదీతో గుర్తిస్తుంది. ఆయన జరిపించిన తొలి వితంతు వివాహం 1881 డిసెంబరు 11న ఆ ఇంటనే జరిగింది. వధువు గౌరమ్మ, వరుడు గోగులపాటి శ్రీరాములు. ఆ వివాహం ఎంతటి సాహసమో గ్రహించాలంటే ఆనాటి గృహనిర్మాణ సంప్రదాయాన్ని కూడా పరిశీలించాలి.

గోదావరి ప్రాంతపు అగ్రవర్ణ గృహాలలో వీధి అరుగు బాటసారికి సైతం చోటిచ్చేది. సావిడి పరిచితులకు పరిమితం. లోపలికి వెళ్లే కొద్దీ ప్రవేశార్హత కుదించుకుపోయేది. మడి పాటించే వంటిల్లు అన్నింటికంటే కట్టుదిట్టమైనది. ఈ విధంగా కులాచారం ఇంటి అమరికలోనే ఇమిడి ఉండేది.

సంఘ బహిష్కారం దెబ్బ కూడా ఆ వంటింటికే తగిలింది. వంటవారు, నీళ్లు మోసేవారు రావడం మానుకున్నారు. అప్పుడు వీరేశలింగం సతీమణి రాజ్యలక్ష్మమ్మ స్వయంగా గోదావరి నుంచి నీళ్లు తెచ్చి, వంట చేశారు. ఆచారాన్ని కాపాడటానికి ఏర్పడిన గదియే ఆ విధంగా సంస్కరణకు ఆధారమైంది.

నేడు స్మారకంగా నిలిచిన ఆ ఇంటిని పెళ్లిపందిరి వైపు నుంచే కాక, వంటింటి వైపు నుంచి కూడా చదవాలి. అప్పుడే సంస్కరణోద్యమ చరిత్రలో రాజ్యలక్ష్మమ్మ శ్రమకు తగిన స్థానం లభిస్తుంది.