హిప్‌స్టర్: ఒక వాడుక పదం అర్థవిపరిణామం

ఒక పదం గౌరవార్థాన్ని కోల్పోయి హీనార్థంలో స్థిరపడడాన్ని భాషాశాస్త్రం అర్థగ్రామ్యత అంటుంది. అమెరికా ఆంగ్లంలోని ‘హిప్‌స్టర్’ పదాన్ని దీనికి ఉదాహరణగా చూపవచ్చు. అయితే పదం విలువ తగ్గిందని చెప్పే ఈ సంజ్ఞ, అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో చెప్పదు. ఆ క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

‘హెప్’, ‘హిప్’ అనే రూపాలకు ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో ‘లోగుట్టు తెలిసిన’ అని అర్థం. జాజ్ సంగీతకారుల నోట ఇవి ప్రత్యేక పదజాలంలో భాగమయ్యాయి. గాయకుడు క్యాబ్ కాలొవే 1938లో ఆ పదజాలాన్ని ‘హెప్‌స్టర్స్ డిక్షనరీ’గా వెలువరించాడు. అతని బృందానికి పేరు తెచ్చిన హార్లెమ్‌లోని కాటన్ క్లబ్‌లో వేదిక మీద నల్లజాతి కళాకారులు, ఎదుట శ్వేతజాతి ప్రేక్షకులు ఉండేవారు. తాము పాడే చోట తామే కూర్చోలేని వారికి లోగుట్టు తెలియడం ఒక ఆత్మగౌరవ చిహ్నం. నాటి వేషానికీ మూల్యం ఉండేది. 1943లో లాస్ ఏంజిలిస్‌లో వదులైన జూట్ సూట్లు ధరించిన మెక్సికన్ అమెరికన్ యువకులను సైనికులు వీధుల్లో కొట్టి, ఆ దుస్తులను ఊడదీశారు.

యుద్ధానంతరం ఈ పదం మేధావుల చర్చకు వస్తువైంది. 1948లో అనటోల్ బ్రొయార్డ్ ‘పార్టిజన్ రివ్యూ’లో హిప్‌స్టర్ స్వభావాన్ని విశ్లేషించాడు. 1957లో నార్మన్ మెయిలర్ ‘ది వైట్ నీగ్రో’ వ్యాసంలో నల్లజాతి జీవనశైలిని అనుకరించే శ్వేతజాతి యువకుణ్ణి హిప్‌స్టర్‌గా నిలిపాడు. మెయిలర్ ఊహించిన నల్లజాతి మనిషిని జేమ్స్ బాల్డ్విన్ 1961లో ప్రశ్నించాడు. ఇక్కడ బ్రొయార్డ్ జీవితం గమనార్హం. న్యూ ఆర్లీన్స్ నల్లజాతి క్రియోల్ కుటుంబంలో పుట్టిన అతడు రచయితగా శ్వేతజాతీయుడిగానే చలామణి అయ్యాడు. బహిష్కృతుడి శైలిని మెయిలర్ ఎంపికగా చూశాడు. బహిష్కరణ భారం ఎరిగిన బ్రొయార్డ్ తన పుట్టుకనే మరుగుపరచాడు.

1960లలో ఈ పదం నుంచే ‘హిప్పీ’ పుట్టింది. అదే తెలుగులో ‘హిప్పీ జుట్టు’గా పెద్దల మందలింపుల్లోకి చేరింది. 2000 తరువాత ‘హిప్‌స్టర్’ బ్రూక్లిన్‌లోని విలియమ్స్‌బర్గ్ పరిసరాల్లో ఎగతాళి మాటగా తిరిగి వచ్చింది. తనను తాను ఆ పేరుతో పిలుచుకోవడానికి ఎవరూ ఇష్టపడని స్థితి ఏర్పడింది. ఈ యువకుల రాకతో, 2005 నాటి భూవినియోగ మార్పులతో అక్కడ అద్దెలు పెరిగాయి. దీర్ఘకాలంగా నివసిస్తున్న లాటినో కుటుంబాలు అనేకం తరలిపోవలసి వచ్చింది.

కనుక ఇందులో జరిగింది హీనార్థప్రాప్తి మాత్రమే కాదు. తొలినాళ్లలో హిప్‌స్టర్ లోనికి రానివ్వని బయటివాడు. చివరకు బయటినుంచి వచ్చి, ఉన్నవారిని బయటకు పంపే మార్పుకు ప్రతీక. అర్థవిపరిణామాన్ని వర్గీకరించేటప్పుడు పదం విలువతో పాటు దానిని పలికినవారి సామాజిక స్థానాన్ని కూడా నమోదు చేయడం అవసరం. లేకపోతే ఆ పదాన్ని మొదట తమదిగా చేసుకున్నవారు దాని చరిత్ర నుంచి కూడా బహిష్కృతులవుతారు.