గడపలోపలి గాయము

చీరాలలో నేతగాని యిల్లే అతని కార్ఖానా. నట్టింట గుంటమగ్గము; దాని చెంతనే యిల్లాలు కండెలు చుట్టుచుండును; ఆ నడుమనే పసిబిడ్డలు పారాడుచుందురు. మరుగుచున్న గంజి యొకనాడు చేతిపై నొలుకవచ్చును. కప్పని గుంటలో బిడ్డ పడవచ్చును. పరుల మిల్లులో చేయి విరిగినచో పరిహారమెవరిదని యడుగుదుము. మన యింట విరిగినచో గ్రహచారమని యూరకుందుము. అజాగ్రత్త యింటివారిదైనప్పుడు గాయపడినవారికి వారిపై హక్కు గలదా? ఈ ప్రశ్నకు లోకమిచ్చిన సమాధానములను చదువరుల యెదుట నుంచ దలచితిమి.

ఇంటివారు న్యాయసభ కెక్కరాదనుట మన పూర్వుల నిశ్చితాభిప్రాయమని పలువురు తలంతురు. అది సగము నిజము. గురుశిష్యులకు, తండ్రికొడుకులకు, ఆలుమగలకు, స్వామిభృత్యులకు నడుమ వ్యవహారము చెల్లదను స్మృతివాక్యమొకటి కలదు. కాని మితాక్షరలో విజ్ఞానేశ్వరుడు దానిని పూర్తి నిషేధముగా గ్రహింపలేదు. మొదట వారిని వారింపవలెను. వినకున్నచో వ్యవహారమును చేపట్టవలెనని యాతని నిర్ణయము. ఆ గ్రంథమునే పదుమూడవ శతాబ్దమున కేతన తెనిగించెను. అనగా తలుపు మూయబడలేదు. దగ్గరగా వేయబడినది, అంతియే.

ఇంగ్లాండు దేశమున తలుపునకు గడియయే పడినది. భార్యాభర్తలు చట్టదృష్టిలో ఒకే వ్యక్తియని 1765లో బ్లాక్‌స్టన్ వ్రాసెను. తనపై తానే దావా వేయుటెట్లు? 1882 నాటి చట్టము భార్యకు తన ఆస్తి రక్షణకై మాత్రము భర్తపై దావా హక్కునిచ్చి, దేహమునకైన గాయమును విడిచిపెట్టెను. ఆస్తికి గల విలువ అస్థికి లేకపోయెను! 1962లో ఆ అడ్డు తొలగినది. అయినను ఉభయులకును గణనీయమగు లాభము లేని దావాను నిలిపివేయు నధికారము న్యాయస్థానమునకు మిగిలినది.

అమెరికాలో 1891లో మిస్సిసిపీ న్యాయస్థానము కుటుంబశాంతి పేరిట కూతురికి తల్లిపై దావా హక్కు లేదనెను. 1963లో విస్కాన్సిన్ న్యాయస్థానము, పెంపుడింట ట్రాక్టరు వలన గాయపడిన బాలుని వ్యవహారమున, ఆ నియమమును చాలవరకు త్రోసివేసెను. బీమా వ్యాపించుటయు దానికొక కారణము. 2015లో కనెక్టికట్టున, కౌగిలింతలో తన మణికట్టు విరిగెనని బాలునిపై దావా వేసిన బంధువురాలిని లోకము దూషించెను. జూరీ యామె కేమియు నీయలేదు. బీమా సంఘముపై నేరుగా దావా వేయు వీలు లేక బాలుని పేర్కొనవలసి వచ్చెనని యామె న్యాయవాదులు చెప్పిరి. పరిహారమిచ్చునది వేరొక నిధియైనచో బంధువుల దావాకు రూపమే మారుచున్నది.

మన చీరాలకు మరలుదము. ఇచ్చట మగ్గపు టాదాయ మొక్కటే. భార్య భర్తపై గెలిచినను ఆ సొమ్ము ఒకే కుండలోనుండి తీసి ఆ కుండలోనే వేయవలెను. చట్టమును గడపవద్దనే యాగినది. 1948 నాటి కార్ఖానాల చట్టము చిన్న పనిచోటులకు సైతము వర్తింపజేయు నధికారమును ప్రభుత్వముల కిచ్చుచు, యజమాని తన కుటుంబము తోడ్పాటుతో మాత్రమే నడుపు చోటును మినహాయించెను.

1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున, పురపాలక సంఘపు పన్నును నిరాకరించి, ఇండ్లు విడిచి, రామనగరమున సుమారు పదునొకండు నెలలు కాపురముండిన ప్రజలు వీరు. పైవారి యన్యాయమును ప్రశ్నించుట కంతటి ధైర్యము చూపిన యూరు, నట్టింటి గుంటను గూర్చి ప్రశ్నింప నేల వెనుదీయవలెను?

ఇంటింట వ్యాజ్యములు పెరుగవలెనని మేము కోరము. కాని "మనవాడే గదా" యను మాట గాయపడినవారి నోరు మూయుటకు సాధనము కారాదు. తప్పు చేసినవాడు తప్పని యొప్పుకొనవలెను. వైద్యపు ఖర్చు ఇంటి యాదాయముపై మొదటి ఋణము కావలెను. కండెలు చుట్టు స్త్రీ పేరును సహకార సంఘపు పుస్తకమునను, బీమా పత్రమునను ఎక్కవలెను. బిడ్డకు హాని కలిగించినది తండ్రియే యైనచో, 1908 నాటి సివిలు ప్రక్రియా స్మృతి ననుసరించి బిడ్డ ప్రయోజనమునకు విరుద్ధముగాని వేరొకరు వాని పక్షమున నిలువవచ్చునని యెల్లరు నెరుగవలెను. అన్నిటికిని ముందు, ఆ గుంటపై నొక పలక కప్పుట కే చట్టమును అక్కరలేదు.