వైద్యుని గదిలోనే సైనస్ చికిత్స: ఎవరికి తగును, ఎవరికి తగదు

ముక్కు దిబ్బడ, చిక్కని చీమిడి, బుగ్గల్లోను నుదుటిలోను బరువు, వాసన తెలియకపోవడం. ఇటువంటి లక్షణాలు 12 వారాలు లేదా అంతకు మించి కొనసాగితే వైద్యులు దానిని దీర్ఘకాలిక సైనసైటిస్‌గా అనుమానిస్తారు. ఒకప్పుడు దీనికి శస్త్రచికిత్స అంటే ఆసుపత్రిలో చేరి పూర్తి మత్తు తీసుకోవలసిందే. నేడు ఎంపిక చేసిన కొందరికి చెవి, ముక్కు, గొంతు నిపుణుని గదిలోనే, కుర్చీలో కూర్చోబెట్టి చికిత్స చేస్తున్నారు.

ముక్కు చుట్టూ ఎముకల్లో నాలుగు జతల గాలి గదులుంటాయి. ఇవే సైనస్‌లు. వీటిలో ఊరే ద్రవం సన్నని ద్వారాల గుండా ముక్కులోకి జారుతుంది. లోపలి పొర వాచి ద్వారం మూసుకుపోతే ద్రవం నిలిచిపోయి బాధ మొదలవుతుంది. ఉప్పునీటితో ముక్కు కడగడం, స్టెరాయిడ్ స్ప్రే వంటి మందులు తొలి మార్గం. వాటితో ఫలితం లేనప్పుడే ఇతర చికిత్స గురించి ఆలోచిస్తారు.

చికిత్స విధానం

గదిలో చేసే చికిత్సల్లో ప్రధానమైనది బెలూన్ పద్ధతి. దీని పరికరానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లో అనుమతినిచ్చింది. ముందుగా మత్తుమందులో తడిపిన దూది పట్టీలను ముక్కులో కొద్దిసేపు ఉంచుతారు. తరువాత ఎండోస్కోపుతో చూస్తూ, ఊదని బెలూన్‌ను సైనస్ ద్వారంలోకి పంపి కొన్ని క్షణాలు ఉబ్బిస్తారు. ద్వారం వెడల్పవుతుంది. రోగి మెలకువగానే ఉంటారు. ఒత్తిడి, ఎముక చిటుక్కుమన్న శబ్దం తెలియవచ్చు. సాధారణంగా అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు.

పరిమితులు

కళ్ల నడుమ ఉండే ఎథ్మాయిడ్ సైనస్‌లు తేనెపట్టువలె చిన్న చిన్న అరలు. వాటికి ఈ పద్ధతి పనికిరాదు. ముక్కులో కండలు విస్తారంగా పెరిగినవారికి ఆపరేషన్ థియేటరే తగిన చోటు. 2021లో కోవిడ్ రెండో దశలో తెలుగు రాష్ట్రాలతో సహా దేశమంతటినీ కలవరపరచిన మ్యూకర్‌మైకోసిస్ మరీ భిన్నమైనది. అది అత్యవసర స్థితి. ఆసుపత్రిలో శస్త్రచికిత్స, ఫంగస్ మందులు తప్పనిసరి.

సులువైన చికిత్స కదా అని అవసరం లేనివారికి చేయడమే అసలు ప్రమాదం. తలనొప్పి ప్రతిదీ సైనస్ నొప్పి కాదు. చాలాసార్లు అది మైగ్రేన్ కావచ్చు. లక్షణాలతో పాటు సి.టి. స్కాన్‌లోనూ వ్యాధి కనిపించనివారికి బెలూన్ చికిత్స తగదని అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుల అకాడమీ 2018లో స్పష్టం చేసింది.

అడగవలసినవి

స్కాన్‌లో ఏ సైనస్ మూసుకుపోయింది? మందులు తగినంత కాలం వాడామా? మధ్యలో ఆపవలసి వస్తే ఏర్పాటేమిటి? ఈ ప్రశ్నలకు సమాధానం తెలుసుకున్నాకే అంగీకరించాలి. రక్తం పలుచబడే మందులు వాడుతున్నవారు, మత్తుమందు పడనివారు ఆ విషయం ముందే చెప్పాలి. చికిత్స తరువాత కొద్దిగా రక్తం కారడం మామూలే. రక్తస్రావం ఆగకపోయినా, చూపు మసకబారినా, ముక్కు నుంచి నీటివంటి ద్రవం ధారగా వచ్చినా వెంటనే వైద్యుని సంప్రదించాలి.