ఫ్రిజ్ ముట్టుకుంటే షాక్ కొడుతోందా? చెప్పులేసుకునే ముందు ఈ కథ వినండి

ఇవాళ్టి ఎపిసోడ్ మా ఇంటి ఫ్రిజ్ దగ్గర మొదలుపెడతాను. నా చిన్నప్పుడు మా అమ్మ ఒక రూల్ పెట్టింది. "ఒరేయ్, చెప్పులేసుకుని తియ్యి, లేకపోతే షాక్ కొడుతుంది." ఫ్రిజ్ పక్కన ఎప్పుడూ ఒక జత హవాయి చెప్పులు ఉండేవి. తడి చేత్తో హ్యాండిల్ పట్టుకుంటే చెయ్యి జివ్వుమనేది. ఇంటికొచ్చిన చుట్టాలకి కూడా ముందే చెప్పేవాళ్ళం. ఎవరమూ దాన్ని ప్రమాదం అనుకోలేదు. అది ఆ ఫ్రిజ్ గుణం అనుకున్నాం, అంతే.

మీ ఇంట్లో కూడా ఇలాంటి ఫ్రిజ్జో, గ్రైండరో, వాషింగ్ మెషీనో ఉండే ఉంటుంది. అది ఎందుకు షాక్ కొడుతుందో తెలియాలంటే మన మెయిన్ బోర్డు చరిత్ర తెలియాలి. బోర్డులో ఉన్న ఒక్కో వస్తువు ఒక్కో కాలంలో, ఒక్కో భయం వల్ల పుట్టింది. మీ బోర్డు చూస్తే మీ ఇల్లు ఏ సంవత్సరం దగ్గర ఆగిపోయిందో చెప్పేయొచ్చు.

మొదటి భయం మంట. 1882 సెప్టెంబర్‌లో న్యూయార్క్‌లోని పెర్ల్ స్ట్రీట్‌లో ఎడిసన్ పవర్ స్టేషన్ మొదలైంది. అదే సంవత్సరం లండన్‌లో టెలిగ్రాఫ్ ఇంజినీర్ల సొసైటీ ఇళ్ళల్లో వైరింగ్ ఎలా ఉండాలో నియమాలు రాసింది. వాటి పేరే "విద్యుత్ దీపాల వల్ల కలిగే అగ్నిప్రమాదాల నివారణ నియమాలు". షాక్ గురించి లోపల కొంత రాశారు గానీ, పేరులో పెట్టుకున్నది మాత్రం మంటనే. అమెరికాలో కూడా అంతే. 1894లో విలియం హెన్రీ మెరిల్ పరికరాలని పరీక్షించే ఒక ల్యాబ్ పెట్టాడు. ఈరోజు మీ ఛార్జర్ల మీద కనిపించే యూఎల్ గుర్తు అక్కడిదే. ఆ ల్యాబ్‌కి వెనక నిలబడింది అగ్నిప్రమాద బీమా కంపెనీలు. ఇల్లు కాలితే డబ్బు కట్టాల్సింది వాళ్ళే కదా!

ఆ భయానికి దొరికిన జవాబు ఫ్యూజు. 1890లో ఎడిసన్‌కి దాని మీద పేటెంట్ వచ్చింది. సూత్రం చాలా సింపుల్. దారిలో కావాలనే ఒక బలహీనమైన తీగ పెడతాం. కరెంటు ఎక్కువైతే గోడలో వైరు కాలేలోపు అది కరిగిపోతుంది. మన ఇళ్ళల్లో తెల్ల పింగాణీ ఫ్యూజులు గుర్తున్నాయా? అవే.

మరి మనం ఏం చేశాం? ఫ్యూజు మాటిమాటికీ పోతోందని ఒక పోగుకి బదులు రెండు పోగులు చుట్టాం. ఇంకా విసుగొస్తే మామూలు రాగి తీగ పెట్టేశాం. ఆ తర్వాత ఫ్యూజు పోలేదు. నిజమే, కానీ ఇప్పుడు కరగాల్సిన తీగ గోడ లోపలికి మారింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కథలో ఇంకో రెండుసార్లు వస్తుంది.

1924లో జర్మనీలోని మన్‌హైమ్‌లో హ్యూగో స్టోట్జ్ కంపెనీ ఫ్యూజు బదులు వాడే చిన్న ఆటోమేటిక్ స్విచ్‌కి పేటెంట్ తీసుకుంది. మనం ఎంసీబీ అని పిలిచేదానికి తాత అదే. లోపల రెండు ఏర్పాట్లు ఉంటాయి. లోడు కాస్త ఎక్కువై చాలాసేపు ఉంటే రెండు లోహాలు అతికించిన పట్టీ వేడెక్కి వంగి స్విచ్ పడేస్తుంది. షార్ట్ సర్క్యూట్ అయితే అయస్కాంతం వెంటనే లాగేస్తుంది. పోగులు చుట్టే పని లేదు, మళ్ళీ పైకి అంటే చాలు.

ఇక్కడ రెండోసారి అదే తప్పు చేశాం. "16 పడిపోతోంది సార్, 32 వేసేద్దాం" అనే మాట వినే ఉంటారు. వైరు అదే ఉంచి ఎంసీబీ ఒక్కటే పెంచడం అంటే రెండు పోగులు చుట్టడమే. ఎంసీబీ కాపాడేది వైరుని. దాని మీద రాసిన అంకె వైరు మోయగలిగే కరెంటుని దాటకూడదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 1899లో కలకత్తాలో ఇళ్ళకి కరెంటు సరఫరా మొదలైంది. హైదరాబాద్‌లో 1920లో హుస్సేన్ సాగర్ ఒడ్డున థర్మల్ పవర్ స్టేషన్ వచ్చింది. ఆ తరం ఇళ్ళల్లో రెండు బల్బులు, మహా అయితే ఒక ఫ్యాన్. మనం ఇప్పటికీ వాడే గుండ్రటి పిన్నుల ప్లగ్గు 1934 నాటి బ్రిటిష్ స్టాండర్డ్ నుంచి వచ్చింది. బ్రిటన్ వాళ్ళు 1947లో చదరపు పిన్నుల కొత్త స్టాండర్డ్ తెచ్చుకున్నారు, మనం పాతదాంతోనే ఉండిపోయాం. ఆ ప్లగ్గులో పైన ఉండే పిన్ను మిగతా రెండింటికంటే పొడుగ్గా, లావుగా ఉంటుంది. పొడుగు ఎందుకంటే ప్లగ్గు పెట్టేటప్పుడు అదే ముందు తగలాలి, తీసేటప్పుడు అదే చివర వదలాలి. అదే ఎర్త్.

ఎర్త్ రెండో భయానికి జవాబు. ఫ్రిజ్ లోపల ఫేజు వైరు పైపొర దెబ్బతిని బాడీకి తగిలిందనుకోండి. ఎర్త్ ఉంటే కరెంటు ఆకుపచ్చ వైరు గుండా భూమిలోకి భారీగా పోతుంది, ఎంసీబీ పడిపోతుంది. ఎర్త్ లేకపోతే? బాడీ మొత్తం కరెంటుతో అలాగే ఎదురుచూస్తుంది, ఎవరైనా ముట్టుకునేదాకా. మా అమ్మ చెప్పులు చేసిన పని ఆ దారిని కొంత అడ్డుకోవడం మాత్రమే.

ఎర్త్ ఉన్నా సరిపోని సందర్భం కూడా ఉంది. ఎర్త్ గుంతలో బొగ్గు, ఉప్పు వేసి నీళ్ళు పోయడం చూసే ఉంటారు. ఎండాకాలం ఆ గుంత ఎండిపోయి నిరోధం 20 ఓములకి పెరిగిందనుకుందాం. 230 వోల్టులని 20తో భాగిస్తే 11.5 ఆంపులు. 16 ఆంపుల ఎంసీబీకి అది మామూలు లోడు. అసలు పడదు. ఎర్త్ ఉన్నా, ఎంసీబీ ఉన్నా, ఫ్రిజ్ షాక్ కొడుతూనే ఉంటుంది.

ఇక మూడో భయం, మనిషి. ఇది అన్నింటికంటే ఆలస్యంగా వచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో చార్లెస్ డాల్‌జియెల్ అనే ప్రొఫెసర్ వాలంటీర్ల మీద జాగ్రత్తగా ప్రయోగాలు చేసి, ఎంత కరెంటు దాటితే మనిషి తీగని వదల్లేడో కొలిచాడు. మగవాళ్ళకి సగటున 16 మిల్లీ ఆంపులు, ఆడవాళ్ళకి 10.5. ఒక ఆంపుకి వెయ్యి మిల్లీ ఆంపులు. అంటే కండరాలు బిగుసుకుపోయి చెయ్యి వదల్లేని కరెంటుకి దాదాపు వెయ్యి రెట్లు దాటితే గానీ 16 ఆంపుల ఎంసీబీకి పట్టింపు ఉండదు. మనిషి ప్రాణం దాని లెక్కలోనే లేదు.

1955లో దక్షిణాఫ్రికాలో హెన్రీ రూబిన్ అనే ఇంజినీర్ బంగారు గనుల కోసం కొత్త రకం స్విచ్ చేశాడు. ఆలోచన చాలా తెలివైనది. ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్‌లో అంతే తిరిగి రావాలి. తేడా వచ్చిందంటే మధ్యలో ఎక్కడో కారుతోంది, అది మనిషి ఒంట్లోంచి కూడా కావచ్చు. కిరాణా కొట్టు లెక్కలాంటిదే, వెళ్ళిన సరుకు, వచ్చిన డబ్బు సరిపోకపోతే షట్టర్ దించేయడం. రూబిన్ పరికరం 250 మిల్లీ ఆంపుల తేడాకి పడేది. మనిషికి అది చాలా ఎక్కువ. 1961లో డాల్‌జియెల్ 5 మిల్లీ ఆంపులకే పడిపోయే పరికరం తయారుచేశాడు. అమెరికా కోడ్ దాన్ని 1973లో ఇంటి బయటి సాకెట్లకి, 1975లో బాత్రూములకి, 1987లో వంటగదులకి తప్పనిసరి చేసింది.

మన మార్కెట్లో దాని పేరు ఆర్‌సీసీబీ. ఇళ్ళకి 30 మిల్లీ ఆంపులది వాడతారు. తేడా ఆ అంకెకి చేరితే సెకనులో మూడో వంతు లోపే పడిపోతుంది. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తెచ్చిన భద్రతా నిబంధనల్లో ఈ ఎర్త్ లీకేజీ రక్షణ పెట్టారు, కానీ తక్కువ లోడున్న ఇళ్ళకి మినహాయింపు ఇచ్చారు. అందుకే చాలా ఇళ్ళల్లో గీజరు, ఏసీ, ఇన్వర్టర్ వచ్చాయి గానీ బోర్డు మాత్రం 1924 దగ్గరే ఉంది.

ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. ఆర్‌సీసీబీ ఉంటే ఎంసీబీ అక్కర్లేదని కాదు, ఓవర్‌లోడ్‌ని అది పట్టించుకోదు. ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకేసారి పట్టుకుంటే దాని లెక్క సరిపోవచ్చు, అప్పుడు కాపాడకపోవచ్చు. ఎర్త్, ఎంసీబీ, ఆర్‌సీసీబీ మూడూ ఉండాలి.

మళ్ళీ మా ఫ్రిజ్ దగ్గరికి వద్దాం. చాలా ఏళ్ళ తర్వాత ఒక ఎలక్ట్రీషియన్ ఆ ప్లగ్గు విప్పి నాకు చూపించాడు. ఆకుపచ్చ వైరు కత్తిరించి, చుట్టి, లోపల దాచేసి ఉంది. బిగించినవాళ్ళకి అది ఎక్కడ పెట్టాలో తెలియలేదేమో. వైరు కలిపించాం, ఎర్త్ గుంత బాగుచేయించాం, ఆర్‌సీసీబీ పెట్టించాం.

వానలు మొదలవగానే అది రోజూ పడిపోవడం మొదలెట్టింది. "ఊరికే ట్రిప్ అవుతోంది, తీయించేయండి" అన్నారు మా బాబాయ్. మూడో పోగు చుట్టడం అంటే ఇదే! రాగి తీగ పెట్టడం, 32 వేయడం, ఆర్‌సీసీబీ తీసేయడం, మూడూ ఒకటే పని. కాపలావాడు అరుస్తున్నాడని కాపలావాణ్ణే పంపేయడం. ఈసారి మేం తీయలేదు. అన్ని స్విచ్‌లూ ఆపి ఒక్కోటీ వేసుకుంటూ వెతికితే గీజరు దొరికింది. దాని ఎలిమెంట్ పాడై నీళ్ళలోకి కరెంటు కారుతోంది. మా అమ్మ రోజూ స్నానం చేసే నీళ్ళు అవి.

ఈ వీడియో ఆపగానే మీ మెయిన్ బోర్డు చూడండి. టీ అని రాసిన చిన్న బటన్ ఉన్న స్విచ్ ఉందా? ఉంటే నొక్కండి, పడిపోవాలి. పడకపోతే మార్పించండి. నెలకోసారి నొక్కుతూ ఉండండి. ఆ బటనే లేకపోతే లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ముందు ఎర్త్ కొలిపించండి, తర్వాత ఆర్‌సీసీబీ అడగండి. గీజరు, ఏసీ పాయింట్లకి వైరు సైజు కూడా చూడమనండి. బోర్డు మాత్రం మీరే విప్పొద్దు.

ఊళ్ళో అమ్మానాన్నల ఇంటికి వెళ్ళినప్పుడు కూడా ఒకసారి చూడండి. ఫ్రిజ్ పక్కన చెప్పులు కనిపిస్తే అర్థం చేసుకోండి. మా ఇంట్లో ఆ చెప్పులు ఇప్పుడు గుమ్మం దగ్గరున్నాయి.

మీ ఇంటి బోర్డు ఏ సంవత్సరం దగ్గర ఆగిందో కింద రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.