కెమెరా ముందు బిడియం: చిన్న వ్యాపారులు తెలుసుకోదగిన సంగతులు

నలుగురితో కలుపుగోలుగా మాట్లాడే మనిషి సైతం, ఫోను కెమెరా తనవైపు తిరగగానే మాట తడబడి, ముఖం బిగుసుకొని, చెప్పదలచినది మరచిపోవడాన్ని కెమెరా బిడియం అంటారు. సభలో మాట్లాడేటప్పుడు కలిగే వణుకును సభాకంపం అన్నారు పెద్దలు. ఇది దానికి చెల్లెలి వంటిది. అయితే ఒక భేదమున్నది. సభలో ఎదుటివారు తల ఊపుతారు, నవ్వుతారు. దానిని చూసి వక్త కుదుటపడతాడు. కెమెరా తల ఊపదు.

షోలాపూరులో తరతరాలుగా స్థిరపడిన మన పద్మశాలి కుటుంబాలకు ఈ విషయం నేడు బతుకుదెరువుతో ముడిపడినది. భౌగోళిక గుర్తింపు పొందిన షోలాపూరు చద్దరు, తువ్వాలు నేసే చేతులకు మాటలు కొత్త కాదు. బేరం గడప దాటి వస్తే అరగంట సేపు చద్దరు విప్పి చూపుతూ చెప్పగలరు. కాని దూరపు ఊరి కొనుగోలుదారు నేడు ఫోనులో చూసి ధర అడుగుతున్నాడు. సరుకు చూపి నోరు విప్పలేని నేతరి, ఆ పని చేయగల మధ్యవర్తికి తన లాభంలో భాగం వదులుకోవలసి వస్తున్నది.

ఈ బిడియానికి కారణాలు కొన్ని శాస్త్రజ్ఞులు పరిశీలించినవే. మనం మాట్లాడేటప్పుడు మన గొంతు మనకు గాలి ద్వారానే గాక, పుర్రె ఎముకల ద్వారా కూడ వినిపిస్తుంది. ఎముక మంద్రస్వరాలను బాగా మోస్తుంది గనుక మన గొంతు మనకు గంభీరంగా తోస్తుంది. రికార్డులో ఆ భాగం ఉండదు. పలచని గొంతు విని ‘ఇది నేనేనా?’ అని కుంచించుకుపోతాము. లోకం ఎప్పుడూ వింటున్నది ఆ గొంతునే. ముఖం సంగతీ అంతే. మనం ఎరిగిన మన ముఖం అద్దంలోనిది. 1977లో అమెరికాలో మీటా, డెర్మర్, నైట్ అనే పరిశోధకులు జరిపిన ప్రయోగంలో, మనుషులు తమ అద్దపు ప్రతిబింబం వంటి చిత్రాన్ని, వారి స్నేహితులు అసలు చిత్రాన్ని ఎక్కువగా ఇష్టపడ్డారు. వీడియోలో మనకు వింతగా కనిపించేది ఇతరులకు సుపరిచితమైన ముఖమే.

అందరూ మన తప్పులే చూస్తారన్న భయం మరొకటి. 2000లో గిలోవిచ్ బృందం ప్రచురించిన పరిశోధనలో, ఒక గాయకుని బొమ్మ ఉన్న చొక్కా తొడిగించి విద్యార్థులను కొందరు ఉన్న గదిలోకి పంపారు. దాదాపు సగం మంది గమనించి ఉంటారని వారు తలచారు. నిజంగా గమనించినవారు సుమారు నాలుగో వంతు. తువ్వాలు కొనవచ్చినవాడు తువ్వాలునే చూస్తాడు.

మన సరిహద్దు ప్రాంతాలవారికి వీటన్నిటికంటె పెద్దది భాషా సంకోచం. ఇంట్లో తెలుగు, బడిలో, బజారులో మరాఠీ. తెలుగులో చెబితే హైదరాబాదువారు నవ్వుతారేమో, మరాఠీలో చెబితే యాస బయటపడుతుందేమోనని రెండింటా నోరు మూసుకుంటాము. ఇరువది ఏళ్లుగా రెండు భాషలలో పాఠాలు చెబుతున్న నేనే 2020లో బడులు మూసిన వేళ, మొదటి పాఠం వీడియోను పదకొండు సార్లు తీసి చెరిపివేశాను. పన్నెండవసారి కరెంటు పోతుందన్న భయంతో ఉన్నదున్నట్లు పంపాను. పిల్లలు అడిగినది నా యాస గురించి కాదు, మూడవ లెక్క గురించి. పుస్తకాల తెలుగు వల్లించబోతే కళ్లు పైకప్పు వెతుకుతాయి. ఇంటి తెలుగులో, లేదా కొనేవారి భాషలో, రెండూ కలిసినా సరే, దుకాణంలో చెప్పినట్లే చెప్పడం మేలు.

సాధన క్రమంగా సాగాలి. మొదట చేతులను, సరుకును మాత్రమే చూపుతూ వెనుక నుంచి మాట్లాడవలెను. కొన్నాళ్లకు ముఖం చూపి తీసి, ఎవరికీ పంపక తామే చూసుకోవలెను. మొదట ఇబ్బందిగానే ఉంటుంది, చూడగా చూడగా అలవాటవుతుంది. పిదప ఇంటివారికి, ఆ పైన నమ్మకమైన నలుగురు ఖాతాదారులకు పంపవచ్చును. వాట్సాప్ స్టేటస్ ఇరువదినాలుగు గంటలలో మాయమవుతుంది, చూసేవారిని మనమే ఎంచుకోవచ్చును గనుక బిడియస్తులకు అది అనుకూలం. ముఖం చూపడం ఇష్టంలేని స్త్రీలను బలవంతపెట్టడం నాకు సమ్మతం కాదు. చేతులు, గొంతు ఉంటే సరుకు అమ్ముడవుతుంది.

అన్నిటికంటె పనిచేసిన ఉపాయం మా వీధిలోని ఒక నేతరి ఇంట చూశాను. కెమెరా ముందు ఆయన కొయ్యబొమ్మ. కొడుకు ఫోను పట్టుకొని వెనుక నుంచి, “నాయినా, ఈ తువ్వాల ఎన్ని ఉతుకులకు రంగు పోతది?” అని అడిగాడు. “పోతదా? ఇటు చూడు,” అంటూ ఆయన చెంబెడు నీళ్లు దానిపై పోసి పిండి చూపాడు. కెమెరా ఉన్నదన్న ధ్యాసే లేదు. ప్రశ్న వేసే మనిషి ఎదుట ఉండడం, చేతికి పని ఉండడం, ఈ రెండే ఆ మార్పుకు కారణం.

గుండె దడ పూర్తిగా పోవాలని వేచి ఉండనక్కరలేదు. హార్వర్డులో అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన పరిశోధనలో, ‘శాంతించాలి’ అనుకున్నవారికంటె ‘నాకు ఉత్సాహంగా ఉన్నది’ అనుకున్నవారే బాగా మాట్లాడారు.

ఇక చిన్న సంగతులు. మాటలు కంఠస్థం చేయక మూడు అంశాలు కాగితంపై రాసుకొనండి: ఏ సరుకు, ఎంత కొలత, ఎంత ధర. ఒక నిమిషం చాలు. వెలుతురు వచ్చే వాకిలివైపు ముఖం ఉండేట్లు నిలబడి, ఫోనును కంటి ఎత్తున ఆనించి, తెరను గాక కెమెరా కన్నును చూడండి. మగ్గం చప్పుడు మొదట కొన్ని క్షణాలు వినిపించనిచ్చి, మాట మొదలుపెట్టే ముందు మగ్గాన్ని ఆపించండి.