లెక్కకెక్కి పేరు కెక్కనివారు

ఒక జాతి చరిత్రమును రూపుమాపుటకు గ్రంథములను తగులబెట్టనక్కఱలేదు. ఆ జాతివారి పేళ్లు వ్రాయకున్నను చాలును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1850, 1860 సంవత్సరముల జనాభా లెక్కలయందు బానిసలకు వేఱుగ పట్టీలు వ్రాసిరి. వానిలో యజమాని పేరు గలదు. దాని క్రింద బానిసల వయస్సు, స్త్రీపురుష భేదము, శరీరవర్ణము గలవు. వారి పేళ్లు మాత్రము ఏ కొన్నిచోట్లనో తప్ప కానరావు. 1860 నాటికి అట్టివారు దాదాపు 40 లక్షలమంది. బానిసలుగా నుండినవారి పేళ్లు జనాభా లెక్కలలో అందఱి పేళ్లతోపాటు చేరినది 1870లోనే. కావున నేడు తమ పూర్వులను వెదకు నల్లజాతి కుటుంబములకు ఆ సంవత్సరము అడ్డుగోడవలె నిలిచియున్నది.

ఆ గోడను దాటుటకు ఒక త్రోవ గలదు. అంతర్యుద్ధము ముగియవచ్చిన 1865 మార్చిలో అమెరికా ప్రభుత్వము ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో యను శాఖను స్థాపించెను. 1872 వఱకు సాగిన ఆ శాఖ విముక్తులకు అన్నవస్త్రము లిచ్చెను, పాఠశాలలకు తోడ్పడెను, కూలి యొడంబడికలు వ్రాయించెను, వారిపై జరిగిన యన్యాయములను గూర్చిన ఫిర్యాదులను వ్రాసికొనెను. బానిసల వివాహములను పూర్వము చట్టము గుర్తింపలేదు. ఏండ్ల తరబడి కాపురము చేసిన దంపతులు స్వేచ్ఛ కలిగినంతనే వచ్చి తమ వివాహమును వ్రాయించుకొనిరి. బానిసలకు చదువు నేర్పుట కొన్ని రాష్ట్రములలో నేరమై యుండెను గనుక పలువురు ఒడంబడికల క్రింద నిశాని మాత్రమే పెట్టిరి. ఆ గీత ప్రక్కన గుమాస్తా వారి పేరు వ్రాసెను.

ఈ కాగితములు జాతీయ పత్రభాండాగారమున భద్రముగనే యున్నవి. కాని భద్రముగ నుండుట వేఱు, వెదకినవారికి దొరకుట వేఱు. పదిహేను లక్షల పుటల చేవ్రాతలో ఒక ముత్తవ్వ పేరు పట్టుకొనుట యెట్లు? 2015లో ఫ్యామిలీసెర్చ్ సంస్థ పూనికతో 25 వేలకు పైబడిన స్వచ్ఛంద సేవకులు పనికి దిగి, ఒక్క యేడాదిలో దాదాపు 18 లక్షల పేళ్లకు సూచిక కూర్చిరి. స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన నల్లజాతి చరిత్ర మ్యూజియము ఆ కాగితముల పూర్తి పాఠమునే ఎత్తివ్రాయించుటకు పూనుకొనెను.

పని విధానము సులభము. ఒకరు తమ యింటనే కంప్యూటరుపై పుట యొక్క ఛాయాచిత్రమును చూచి టైపు చేయుదురు, మఱియొకరు సరిచూతురు. గుమాస్తా తప్పుగ వ్రాసిన పేరును దిద్దరాదు. చదువరాని పదమును ఊహతో పూరింపక, తెలియలేదని గుర్తుంచవలెను. మనస్సును నొప్పించు మాటనైనను మార్పరాదు. ఈ నియమము మాకు మిక్కిలి ఆదరణీయముగ తోచుచున్నది. పూర్వుల తప్పిదములను మెత్తపఱచి వ్రాయుటయు చరిత్రను చెఱచుటయే గదా.

బానిసగా పుట్టి మహావక్తయైన ఫ్రెడరిక్ డగ్లస్‌కు తన పుట్టినదినమే తెలియదు. ఆయన ఫిబ్రవరి 14ను తన జన్మదినముగ నెంచుకొనెను. 2018లో ఆయన ద్విశతజయంతినాడు అనేక స్థలములలో జనులు గుమిగూడి ఈ శాఖ కాగితములను ఎత్తివ్రాసిరి. జన్మదినము తెలియనివానికి ఇంతకంటె తగిన యుత్సవము వేఱొకటి గలదా?

గడచిన దుఃఖమును మరల త్రవ్వనేల యని కొందఱందురు. కాని ఆ పుటలలో దుఃఖమొక్కటియే లేదు. రావలసిన కూలికై ఫిర్యాదు చేసినవారి ధైర్యము గలదు. బిడ్డలకు చదువు కోరిన తల్లిదండ్రుల యాశ గలదు. అవి అధికారుల చేతివ్రాతలు గనుక విముక్తుల మాట మనకు పరులనోటనే వినవచ్చుననుట నిజము. అయినను పేరు దొరకినచో వంశము దొరకును. వంశము దొరకినచో తక్కిన కథను ఆ యింటివారే చెప్పుకొందురు.

ఇందుకు మహాపండితులు కావలెనా? సాయంకాలపు గంటసేపు తీఱిక, ఓర్పు, ఉన్నదున్నట్లు వ్రాయు నిజాయతి యున్న గృహస్థులు, గృహిణులు చాలుదురు. గుమాస్తా ఒకనాడు ఒక నిశాని ప్రక్కన వ్రాసిన పేరును వారు మరల చదువ వీలగునట్లు వ్రాయుచున్నారు. అది చిన్న పని యని మేమనుకొనము.