హబ్షీల తారీఖ్ ఎవరి నజర్‌తో?

మన తిరుపతి, చిత్తూరు ఇళ్లలో పిల్లలకు మొహబ్బత్‌తో బిలాల్ అని పేరు పెట్టుకుంటాం. హజ్రత్ బిలాల్ (రజి) హబ్షీ అనీ, మొదటి ముఅజ్జిన్ అనీ చెబుతాం. మన దక్కన్ హబ్షీల తారీఖ్ అడిగితే మాత్రం ఖామోష్.

ఆఫ్రికా చరిత్రను యూరప్ కళ్లతో కాకుండా ఆఫ్రికా నజర్‌తో చదవాలన్నదే ఆఫ్రోసెంట్రిజం. ప్రాచీన ఈజిప్టుది నల్లజాతి తహజీబేనని సెనెగల్ చరిత్రకారుడు షేక్ అంటా డియోప్ 1954లో కితాబ్ రాశారు. అమెరికా ప్రొఫెసర్ మొలెఫీ కెటె అసాంటే 1980లో ‘ఆఫ్రోసెంట్రిసిటీ’ రాసి ఈ ఖయాల్‌కు పేరు స్థిరపరిచారు. ఈజిప్టు గురించిన దావాల మీద చాలామంది చరిత్రకారులకు ఏతరాజ్ ఉంది. ఆ బహస్ అలా ఉంచినా, సవాల్ సహీ: కథను ఎవరి వైపు నిలబడి చెబుతున్నాం?

ఇథియోపియాలో పుట్టి, గులామ్‌గా అమ్ముడుపోయిన మలిక్ అంబర్ అహ్మద్‌నగర్ సల్తనత్‌ను నడిపారు. 1626లో కన్నుమూసేదాకా మొఘల్ ఫౌజును నిలువరించారు. ఆయన కట్టించిన ఖడ్కీ శహరే తర్వాత ఔరంగాబాద్ అయింది. కట్టింది హబ్షీ, 2023లో మార్చేదాకా నిలిచింది బాద్‌షా పేరు.

హైదరాబాద్‌లో మాసాబ్ ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్ మొహల్లా కూడా అంతే. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం దగ్గర పనిచేసిన హబ్షీల గుర్రపు ఫౌజు. వాళ్ల ఔలాద్ ఇప్పటికీ అక్కడ ఉన్నారు. ఈసారి అటు వెళ్తే, ఆ రెండక్షరాలను పిల్లలకు విప్పి చెప్పండి.